గురుత్వ తరంగం నిజంగా దొరికిందా, మనమే దొరికించుకున్నామా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బ్లాక్ హోల్స్ లాంటివి ఢీకొన్నప్పుడు స్థలకాలంలో పుట్టే అలలే గురుత్వ తరంగాలు. లేజర్ కాంతితో, అద్దాలతో వాటిని పట్టే అమెరికా ప్రయోగం లైగో. అది అందరికీ అందుబాటులో పెట్టిన డేటాలోంచి 2015 సెప్టెంబర్ 14 నాటి 32 సెకన్ల ముక్క దించుకుని గ్రాఫ్ గీశారు. పైకీ కిందికీ నింపాదిగా ఊగే గీత తప్ప అందులో ఏమీ లేదు. తర్వాత ట్యుటోరియల్లో చెప్పినట్టు వైటెనింగ్ (గోల ఎక్కువున్న ఫ్రీక్వెన్సీలను అణచడం), బ్యాండ్‌పాస్ (కొన్ని ఫ్రీక్వెన్సీలనే ఉంచడం) చేసేసరికి అందరూ చూపించే ఆ తరంగం, ఆ రంగుల బొమ్మ వచ్చేశాయి. దాంతో మీకు అనుమానం వచ్చింది. కావాల్సిన ఆకారాన్ని ముందే చేతిలో పెట్టుకుని, అది కనబడేదాకా డేటాను వడకడితే ఎక్కడైనా కనబడుతుంది కదా, ఇంతకీ ఆ బొమ్మ నిజమా, తయారు చేసిందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అనుమానం సబబైనదే. కానీ ఆ బొమ్మను చూసి ఎవరూ "దొరికింది" అనలేదు. బొమ్మ అనేది దొరికాక గీసుకునేది. దొరికిందని తేల్చేది వేరే లెక్క. ఉత్త నాయిస్ (సిగ్నల్ కాని గోల) ఒక్కటే ఉంటే ఇంత బలమైన పోలిక, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్లా, కొన్ని మిల్లీసెకన్ల తేడాలో ఎన్నేళ్లకోసారి వస్తుంది? ఆ జవాబు లక్షల ఏళ్లలో వస్తే నమ్ముతాం, నెలల్లో వస్తే వదిలేస్తాం. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఆ సెప్టెంబర్ 14 సిగ్నల్‌ను మొదట పట్టుకున్న ప్రోగ్రామ్ చేతిలో ఏ ఆకారమూ లేదు. దాని గురించి కింద చెబుతాను.

నేను డిటెక్టర్ డేటాలో గ్లిచ్‌లను (ఉన్నట్టుండి వచ్చి పోయే నాయిస్ కుదుపులను) గుర్తించి పక్కన పెట్టే పని చేస్తుంటాను. రోజులో ఎక్కువ భాగం సిగ్నల్ కాని వాటితోనే గడుస్తుంది కాబట్టి నా జవాబు కాస్త ఆ వైపు మొగ్గుతుంది.

ముడి డేటాలో ఎందుకు కనబడదు

ఆ సిగ్నల్ గరిష్ఠ స్థాయి, అంటే పొడవులో వచ్చే మార్పు నిష్పత్తి, 10⁻²¹. లైగో చేయి, అంటే లేజర్ కాంతి పరిగెత్తే గొట్టం, పొడవు 4 కిలోమీటర్లు. రెండూ గుణిస్తే 4×10⁻¹⁸ మీటర్లు, అంటే ప్రోటాన్ వెడల్పును కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒకటి. మీరు గీసిన గ్రాఫ్‌లో నిలువు స్కేలు చూడండి. ఊగుతున్న ఆ గీత సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దది. ఆ స్కేలు మీద సిగ్నల్ గీత మందంలోనే కలిసిపోతుంది.

అయితే ఆ ఊపు అంతా ఒకే ఫ్రీక్వెన్సీలో లేదు. మనకు కలిసొచ్చింది అదే. 10 హెర్ట్జ్ కింద నేల కదలికలదే రాజ్యం. సముద్రపు అలలు కొడుతున్నా, దూరంగా రైలు వెళ్తున్నా అక్కడ తెలుస్తుంది. 60 హెర్ట్జ్ దగ్గర అమెరికా కరెంటు సరఫరా గీత, దాని రెట్టింపుల దగ్గర మరికొన్ని గీతలు ఉంటాయి. 500 హెర్ట్జ్ చుట్టుపక్కల అద్దాలను వేలాడదీసిన గాజు తీగలు వాటంతట అవే మోగుతుంటాయి. కాలిబ్రేషన్ కోసం మనమే కావాలని పెట్టిన గీతలు ఇంకొన్ని. అంతకంటే పైకి వెళ్తే లేజర్ కాంతిలో ఫోటాన్లు చుక్కలు చుక్కలుగా వచ్చిపడటం వల్ల కలిగే నాయిస్ పెరుగుతూ పోతుంది. వీటి మధ్యలో, ముఖ్యంగా 100 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతంలో, డిటెక్టర్ చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆనాటి సిగ్నల్ 0.2 సెకన్లలో 35 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఎగబాకింది. అంటే ఎక్కువ భాగం ఆ నిశ్శబ్దపు పట్టీలోంచే పోయింది.

వైటెనింగ్ చేసే పని ఒక్కటే. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర నాయిస్ మామూలుగా ఎంత ఉంటుందో కొలిచి, డేటాను దానితో భాగిస్తుంది. గోల ఎక్కువున్న ఫ్రీక్వెన్సీల మాట తగ్గుతుంది, నిశ్శబ్దంగా ఉన్నవాటి మాట పెరుగుతుంది. గమనించండి, ఈ మెట్టులో సిగ్నల్ ఆకారం గురించి ఏమీ వాడలేదు. నాయిస్ గురించి తెలిసిందే వాడాం. కాబట్టి మీ "ముందే చేతిలో పెట్టుకున్న ఆకారం" అభ్యంతరం ఇక్కడ వర్తించదు.

బ్యాండ్‌పాస్ విషయంలో మాత్రం మీ జాగ్రత్త అవసరమే. ఏ నాయిస్‌నైనా ఇరుకైన పట్టీలోంచి పంపితే అలలు అలలుగానే బయటికొస్తుంది. వడకట్టిన డేటాలో నాలుగైదు అందమైన అలలు కనబడటం వింతేమీ కాదు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు నేను ముందు చేయించేది ఇదే. కంప్యూటర్‌తో యాదృచ్ఛిక అంకెలు పుట్టించి, వాటిని అచ్చంగా అదే కోడ్‌లోంచి పంపమంటాను. ఒకట్రెండు చోట్ల "సిగ్నల్" కనిపెట్టి ఉత్సాహంగా వస్తారు. ఆ ఉత్సాహం చల్లారాకే అసలు పాఠం మొదలవుతుంది.

ఆకారాన్ని వెతకడం అంటే

జనం గోల మధ్యలో కూడా మన పేరు ఎవరో పిలిస్తే చటుక్కున వినిపిస్తుంది కదా, మ్యాచ్‌డ్ ఫిల్టర్ పని దాదాపు అంతే. ఊహించిన తరంగాన్ని డేటా మీద క్షణం క్షణం జరుపుతూ, ప్రతి చోటా రెండింటినీ గుణించి కూడుతుంది. పోలిక ఉన్నచోట కూడిక పెరుగుతుంది, లేనిచోట ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోతాయి. తరంగంలో ఎన్ని ఎక్కువ చుట్లు ఉంటే అంత లాభం, ఎందుకంటే సిగ్నల్ చుట్ల లెక్కన పేరుకుంటుంది, నాయిస్ దాని వర్గమూలం చొప్పునే పేరుకుంటుంది.

ఆ ఊహించిన తరంగాలు డేటాను చూసి తయారు చేసినవి కావు. ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి వచ్చినవి. రెండు బ్లాక్ హోల్స్ దూరంగా తిరుగుతున్నప్పటి భాగానికి కాగితం మీది లెక్కలు ఉన్నాయి. ఢీకొనే ఘడియకు 2005 తర్వాత సూపర్ కంప్యూటర్ల మీద సాధ్యమైన లెక్కలు ఉన్నాయి. ఢీకొన్నాక మిగిలిన బ్లాక్ హోల్ గంటలా మోగి ఆగిపోయే భాగాన్ని సి.వి. విశ్వేశ్వర 1970లోనే లెక్కగట్టి చూపించారు. జంట బరువులు ఎంతో ముందు తెలియదు కాబట్టి ఒక్క టెంప్లేట్ (ఊహించిన తరంగపు నమూనా) చాలదు. ఎన్ని కావాలి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పేర్చాలి అనే సమస్యను బి.ఎస్. సత్యప్రకాశ్, సంజీవ్ ధురంధర్ 1991లో ఒక దారిలో పెట్టారు. 2015 నాటి వెతుకులాటలో దాదాపు 2,50,000 టెంప్లేట్లు వాడారు.

మీ అనుమానానికి అసలు పదును ఇక్కడే ఉంది. రెండున్నర లక్షల ఆకారాలు పట్టుకుని రోజుల తరబడి వెతికితే నాయిస్‌లో ఏదో ఒకటి సరిపోకుండా ఉంటుందా? ఉండదు. సరిపోతూనే ఉంటుంది, రోజంతా. టెంప్లేట్‌తో పోలిక ఉందన్నంత మాత్రాన ఎవరూ లేచి నిలబడరు.

నాయిస్ పుస్తకాల్లో ఉన్నట్టు చక్కటి గాస్సియన్ (గంట ఆకారపు పంపిణీ) అయితే ఎంత పోలిక ఎంత అరుదో పేపరు మీదే తేల్చేయొచ్చు. డిటెక్టర్ నాయిస్ అలా ఉండదు. మధ్యమధ్యలో గ్లిచ్‌లు వస్తాయి. అవి ఎప్పుడు, ఎంత బలంగా వస్తాయో చెప్పే సూత్రం లేదు. అందుకే రెండు రకాల వడపోతలు పెట్టుకున్నాం.

మొదటిది కై-స్క్వేర్ పరీక్ష. టెంప్లేట్‌ను ఫ్రీక్వెన్సీ వారీగా ముక్కలు చేస్తారు. ప్రతి ముక్క నుంచీ సమాన వాటా రావాల్సి ఉండేలా ఆ ముక్కలు కోస్తారు. నిజమైన సిగ్నల్ అయితే ముక్కలన్నీ తమ వాటా ఇస్తాయి. గ్లిచ్ అయితే ఒకటి రెండు ముక్కలే మొత్తం మోస్తాయి, మిగతావి ఖాళీగా ఉంటాయి. మొత్తం ఎంత పెద్దదైనా సరే, వాటాలు కుదరకపోతే దాని విలువ కోసేస్తాం.

రెండోది, రెండు డిటెక్టర్లలోనూ ఒకే టెంప్లేట్‌కు, ఒకే సమయంలో పడాలి. లైగో రెండు కేంద్రాలు హ్యాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు, కాంతి వేగంతో 10 మిల్లీసెకన్లు. కొలతలో పొరపాటుకు ఇంకో 5 కలిపి 15 మిల్లీసెకన్ల కిటికీ పెడతారు. సెప్టెంబర్ 14న లివింగ్‌స్టన్‌లో ముందు, 6.9 మిల్లీసెకన్ల తర్వాత హ్యాన్‌ఫర్డ్‌లో వచ్చింది. సిగ్నల్ బలం, అంటే ఎస్ఎన్ఆర్, హ్యాన్‌ఫర్డ్‌లో సుమారు 20, లివింగ్‌స్టన్‌లో సుమారు 13. వర్గాలు కూడి మూలం తీస్తే 24.

ఆ లక్షల ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో తెలివైన పని ఇదే. కాస్త నెమ్మదిగా చదవండి, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

గురుత్వ తరంగాలు రాకుండా డిటెక్టర్‌కు అడ్డం పెట్టలేం. అలాంటప్పుడు "ఉత్త నాయిస్" ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? ఒక డిటెక్టర్ డేటాను రెండోదానితో పోలిస్తే కావాలని కొంచెం జరుపుతారు. 10 మిల్లీసెకన్ల కంటే బాగా ఎక్కువ జరిపితే, అప్పుడు రెండింట్లో కలిసి పడేది ఏదైనా కాకతాళీయమే, నిజమైన తరంగం అయ్యే అవకాశమే లేదు. ఆ జరిపిన డేటా మీద అచ్చంగా అదే వెతుకులాట నడిపి, ఎంత బలమైన దొంగ జతలు దొరుకుతాయో రాసుకుంటారు. తర్వాత ఇంకొంచెం జరుపుతారు, మళ్లీ నడుపుతారు.

అంకెలు చూడండి. అప్పట్లో రెండు డిటెక్టర్లూ కలిసి పనిచేసిన డేటా 16 రోజులు, అంటే సుమారు 13.8 లక్షల సెకన్లు. 0.1 సెకను చొప్పున జరుపుకుంటూ పోతే కోటీ 38 లక్షల రకాలుగా జరపొచ్చు. ఒక్కో జరుపుకీ 16 రోజుల నాయిస్ చేతికొస్తుంది. గుణిస్తే 22 కోట్ల రోజులు, ఏళ్లలోకి మారిస్తే ఆరు లక్షల పైచిలుకు. ప్రచురించిన అంకె 6,08,000 ఏళ్లు. అన్నేళ్ల నకిలీ చరిత్రలో సెప్టెంబర్ 14 నాటి దానంత బలమైన జత ఒక్కటి కూడా రాలేదు. వెతుకులాటను మూడు వర్గాలుగా విడగొట్టి చేశారు కాబట్టి, మూడు చోట్ల అదృష్టం పరీక్షించుకున్నట్టు లెక్కేసి మూడుతో భాగించారు. అలా వచ్చిందే "2,03,000 ఏళ్లకు ఒకసారి కంటే తక్కువ" అనే మాట. దానికి సమానంగా చెప్పేది 5.1 సిగ్మా (ఉత్త నాయిస్‌తో ఇలా జరగడం ఎంత అరుదో చెప్పే కొలత).

రెండున్నర లక్షల టెంప్లేట్లతో వెతకడం వల్ల వచ్చే దొంగ పోలికలు ఎన్ని ఉంటాయో అన్నీ ఈ లెక్కలోకి వచ్చేశాయి, ఎందుకంటే నకిలీ చరిత్ర మీద కూడా అవే టెంప్లేట్లు నడిపారు. ఎక్కువ ఆకారాలు వెతికితే ఎక్కువ దొంగలు దొరుకుతారు, అప్పుడు నిజమైనది అంత ఎత్తుకు ఎగరాల్సి వస్తుంది. మీ అభ్యంతరాన్ని ఈ పద్ధతి దాటవేయలేదు, దానికి అంకె కట్టింది.

దీనికీ ఒక మెలిక ఉంది. రెండు చోట్లా నాయిస్‌కు ఉమ్మడి కారణం ఏదీ లేదన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది. భూమి అంతటా ఒకేసారి తగిలే అయస్కాంత కుదుపులు ఉంటే ఈ లెక్క పట్టదు. ఇది ఊహాజనితం కూడా కాదు. ఆ సిగ్నల్ వచ్చిన సమయానికి దగ్గరలోనే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో చాలా శక్తిమంతమైన పిడుగు పడింది. అయస్కాంత సెన్సర్ల రికార్డులు తీసి, అద్దాల మీద దాని ప్రభావం ఎంత ఉండొచ్చో కొలిచి చూశారు. సిగ్నల్ ముందు అది లెక్కలోకి వచ్చేదే కాదని తేలింది. ఒక్కో లైగో కేంద్రంలో సిగ్నల్ ఛానల్ కాక ఇలాంటి సహాయక ఛానళ్లు రెండు లక్షల దాకా రికార్డవుతుంటాయి. మైకులు, నేల కదలికల సెన్సర్లు, మ్యాగ్నెటోమీటర్లు, అద్దాలను పట్టి ఉంచే సర్క్యూట్లు, ఇంకా ఎన్నో. మాలాంటివాళ్ల జీవితం వాటి మధ్యే.

టెంప్లేట్ లేకుండా కూడా

పైన బాకీ పెట్టిన మాట. సెప్టెంబర్ 14న మూడు నిమిషాల్లోపే హెచ్చరిక ఇచ్చింది మ్యాచ్‌డ్ ఫిల్టర్ కాదు, కోహెరెంట్ వేవ్‌బర్స్ట్ అనే ప్రోగ్రామ్. దానికి బ్లాక్ హోల్స్ సంగతి తెలియదు, ఐన్‌స్టీన్ సంగతి అసలే తెలియదు. డేటాను వేవ్‌లెట్‌లుగా (పొట్టి అలల ముక్కలుగా) విడగొట్టి, రెండు డిటెక్టర్లలోనూ ఒకే ఆకారంలో, ఆకాశంలో ఒకే దిక్కు నుంచి వచ్చినట్టు సరిపోయే శక్తి ఎక్కడైనా పొంగిందా అని చూస్తుంది, అంతే. తీరిగ్గా మ్యాచ్‌డ్ ఫిల్టర్ నడిపినప్పుడు అదే క్షణం అందులోనూ పైకొచ్చింది. ఒకటి ఆకారం తెలియకుండా, ఇంకోటి ఆకారం తెలిసి, రెండూ ఒకే చోట వేలు పెట్టాయి. "మనకు కావాల్సిందే చూసుకున్నాం" అనే వాదనకు నాకు తెలిసి ఇంతకంటే సూటి జవాబు లేదు.

అయితే ఆకారం తెలియకుండా వెతకడానికి సిగ్నల్ బలంగా, పొట్టిగా ఉండాలి. శక్తి ఎక్కువసేపు పలచగా పరుచుకుంటే దానికి చిక్కదు.

బొమ్మలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

ఆ రంగుల బొమ్మ క్యూ-ట్రాన్స్‌ఫార్మ్. అడ్డంగా టైమ్, నిలువుగా ఫ్రీక్వెన్సీ, రంగు అంటే ఆ చిన్న గడిలో నాయిస్ సగటుతో పోలిస్తే ఎన్ని రెట్ల శక్తి ఉంది అన్నది. గడి ఎంత పొట్టిగా, ఎంత పొడుగ్గా ఉండాలో క్యూ విలువ నిర్ణయిస్తుంది. తక్కువ క్యూ పెడితే క్షణికమైనవి బాగా కనబడతాయి, ఎక్కువ పెడితే సాగే స్వరాలు బాగా కనబడతాయి. రంగు స్కేలు పై హద్దు 25 దగ్గర పెట్టి ఒకసారి, 5 దగ్గర పెట్టి ఒకసారి గీసి చూడండి. రెండోదాంట్లో ఉత్త నాయిస్ కూడా దీపావళిలా వెలుగుతుంది. మీరు పంపిన బొమ్మకు స్కేలే రాయలేదు, అది లేకుండా ఎవరికీ చూపించొద్దు.

కనబడటానికీ నిజం కావడానికీ సంబంధం ఎంత వదులుగా ఉంటుందో రెండు ఉదాహరణలు చాలు.

2015 డిసెంబర్ 26న వచ్చిన జీడబ్ల్యూ151226 తీసుకోండి. సూర్యుడికి 14 రెట్లు, 7.5 రెట్లు ఉన్న బ్లాక్ హోల్స్. సిగ్నల్ సుమారు ఒక సెకను పాటు, 55 చుట్లు తిరుగుతూ సాగింది. ఎస్ఎన్ఆర్ 13. గణాంకాల ప్రకారం 5 సిగ్మా దాటిన కేసు. కానీ స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ఆ రంగుల బొమ్మలో, కంటికి ఏమీ కనబడదు. ఏ గడిలోనూ వెలిగేంత శక్తి లేదు, 55 చుట్లూ కలిపి కూడితేనే తేలుతుంది. కంటిని నమ్ముకుని ఉంటే దాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లం.

దీనికి ఎదురు కొసన బ్లిప్ గ్లిచ్‌లు ఉంటాయి. పది మిల్లీసెకన్ల పాటు వచ్చి పోయే చుక్కలు. స్పెక్ట్రోగ్రామ్‌లో ధగధగా వెలుగుతాయి, పైగా బరువైన బ్లాక్ హోల్స్ జంటకు దగ్గరి పోలిక. చాలావాటికి కారణం ఇప్పటికీ తెలియదు, ఏ సహాయక ఛానల్లోనూ జాడ ఉండదు. నాకు మనసుకు పట్టని గ్లిచ్ ఏదని అడిగితే దీని పేరే చెబుతాను.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఒక విద్యార్థి రెండు డిటెక్టర్ల స్పెక్ట్రోగ్రామ్‌లూ పక్కపక్కన పెట్టి పంపాడు. రెండింట్లోనూ కింది నుంచి పైకి వంగిన మరక, చూస్తే కవల పిల్లలే. "ఇదేమీ కేటలాగ్‌లో లేదు సార్" అన్నాడు, అంటే ఇప్పటిదాకా ప్రచురించిన సిగ్నళ్ల జాబితాలో లేదని. బొమ్మ అడ్డం స్కేలు నాలుగు సెకన్లు ఉంది కాబట్టి రెండూ ఒకే క్షణాన ఉన్నట్టు అనిపిస్తున్నాయి. దగ్గరికి జూమ్ చేసి శిఖరాల సమయం కొలిస్తే మధ్యలో నలభై మిల్లీసెకన్ల దాకా తేడా ఉంది. కాంతికి పట్టేది పది. కేసు అక్కడితో మూత పడింది. ఆ తర్వాత అందులో ఒకటి వెనక్కి చెదిరిన లేజర్ కాంతి తాలూకుదని సహాయక ఛానళ్లలో కనబడింది.

ఈ చెదిరిన కాంతి గ్లిచ్‌లు చూడముచ్చటగా ఉంటాయి. సముద్రం పోటెత్తిన రోజుల్లో నేల నెమ్మదిగా ఊగుతుంది. ఊగే గోడ మీద పడి తిరిగొచ్చిన కాంతి అసలు కాంతిలో కలిసి, స్పెక్ట్రోగ్రామ్‌లో వంతెన కమానుల్లా ఒకదాని మీద ఒకటి గీస్తుంది. ఇంకా చిత్రమైనది హ్యాన్‌ఫర్డ్‌లో 2017లో బయటపడింది. డేటాలో మధ్యమధ్య టక్ టక్‌మని గ్లిచ్‌లు. మైకుల రికార్డింగ్‌లు తిరగేసి, చివరికి బయటికెళ్లి చూస్తే, చల్లటి నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును దాహమేసిన కాకులు ముక్కుతో పొడుస్తున్నాయి. గొట్టానికి కప్పు వేశాక ఆగిపోయింది.

గ్లిచ్ సరిగ్గా సిగ్నల్ మీదే పడితే

2017 ఆగస్ట్ 17న ఇదే జరిగింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాల సిగ్నల్, డిటెక్టర్‌లో వంద సెకన్ల దాకా సాగింది. ఢీకొనడానికి 1.1 సెకన్ల ముందు లివింగ్‌స్టన్‌లో ఒక పెద్ద గ్లిచ్ పడింది. ఆటోమేటిక్ వడపోత తన పని తాను చేసుకుని లివింగ్‌స్టన్‌ను పక్కన పెట్టేసింది. హెచ్చరిక హ్యాన్‌ఫర్డ్ ఒక్కదాని నుంచే వచ్చింది. కానీ ఢీకొన్న 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల మెరుపు చూసింది. మనుషులు కూర్చుని లివింగ్‌స్టన్ స్పెక్ట్రోగ్రామ్ తెరిస్తే, గ్లిచ్ వెనకాల సిగ్నల్ వంపు తిరిగిన గీతలా స్పష్టంగా ఉంది. ఇక్కడ బొమ్మ నిజంగా అక్కరకొచ్చింది, ఒప్పుకోవాలి. తొందర పని కోసం గ్లిచ్ ఉన్న ముక్కను మెల్లగా సున్నాకు దించేశారు. తీరిక పని కోసం గ్లిచ్ ఆకారాన్ని వేవ్‌లెట్‌లతో కట్టి, డేటాలోంచి తీసేశారు.

సిగ్నల్ పొడుగ్గా ఉండటం వల్ల ఆ సుఖం దక్కింది. దానికి పూర్తి వ్యతిరేకం 2019 మే 21 నాటి జీడబ్ల్యూ190521. మొత్తం 0.1 సెకను, నాలుగు చుట్లు. సూర్యుడికి 85, 66 రెట్ల బరువున్న జంట అని అంచనా. నాలుగు చుట్లలో ఎంత కథ చదవగలం? అందుకే దాని మీద వేరే వేరే వివరణలు ఇప్పటికీ వస్తుంటాయి. సిగ్నల్ ఉందనడంలో కాదు గొడవ, అది ఏమిటన్న దగ్గర. పొట్టి సిగ్నల్ విషయంలో "దొరికింది" అనడానికీ, "ఫలానాది దొరికింది" అనడానికీ మధ్య దూరం ఎక్కువ.

ఆకాశంలో ఎక్కడ అన్నది

మీరు రెండో ప్రశ్నగా అడిగిన ఆకాశపు పటం గురించి క్లుప్తంగా. అది కూడా ఫోటో కాదు, సంభావ్యత పటం. రెండు డిటెక్టర్లే ఉంటే రాక సమయాల తేడా ఆకాశంలో ఒక వలయాన్ని మాత్రమే ఇస్తుంది. బలాలు, ఫేజ్‌లు పోల్చి ఆ వలయంలో కొంత భాగాన్ని చెరిపేస్తారు. మొదటి సిగ్నల్‌కు మిగిలిన ప్రాంతం 600 చదరపు డిగ్రీలు, పౌర్ణమి చంద్రుడు ఆక్రమించేది చదరపు డిగ్రీలో ఐదో వంతే. 2017 ఆగస్ట్ 14న ఇటలీలోని వర్గో డిటెక్టర్ కలవడంతో ఒకే సిగ్నల్‌కు ఆ ప్రాంతం 1,160 చదరపు డిగ్రీల నుంచి 60కి తగ్గింది. మూడు రోజుల తర్వాతి న్యూట్రాన్ నక్షత్రాల కేసులో వర్గోలో సిగ్నల్ దాదాపు లేనట్టే ఉంది, అదే మేలు చేసింది. వర్గోకు సరిగ్గా వినబడని దిక్కులు కొన్నే ఉంటాయి, సిగ్నల్ వాటిలోంచి వచ్చి ఉండాలి. ప్రాంతం 28 చదరపు డిగ్రీలకు కుదించుకుపోయి, టెలిస్కోపులు ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో వెలుగును పట్టుకున్నాయి.

మీరు చేయగలిగినవి

మీ దగ్గర కోడ్ ఉంది కాబట్టి, నా మాట నమ్మే బదులు మీరే పరీక్షించండి.

ముందుగా 32 సెకన్లు వదిలేసి 4,096 సెకన్ల ఫైల్ తీసుకోండి. నాయిస్ స్పెక్ట్రమ్‌ను నాలుగేసి సెకన్ల ముక్కల మీద తీసి, సగటు బదులు మీడియన్ వాడండి. సగటు అయితే ఒక్క గ్లిచ్ చాలు మొత్తాన్ని లాగేయడానికి. వైటెనింగ్‌కు ముందు అంచులు మెల్లగా సున్నాకు దించండి, తర్వాత రెండు చివర్లా కొన్ని సెకన్లు కోసి పారేయండి. మీ రెండో బొమ్మలో ఎడమ అంచున కనబడుతున్న మరక, మీరు "ఇంకో సిగ్నలా?" అని అడిగింది, చాలావరకు ఇదే అయ్యుంటుంది.

తర్వాత హ్యాన్‌ఫర్డ్ డేటాను 6.9 మిల్లీసెకన్లు జరిపి, గుర్తు తిప్పి, లివింగ్‌స్టన్ మీద వేయండి. రెండు డిటెక్టర్ల చేతులూ ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో తిరిగి ఉన్నాయి, అందుకే గుర్తు తిప్పాలి. రెండూ ఎంత బాగా అతుక్కుంటాయో చూడండి. ఇక్కడ టెంప్లేట్ ఏమీ వాడలేదు. ఆ తర్వాత ఒక టెంప్లేట్‌ను 4,096 సెకన్ల మీదా నడిపి, ఎస్ఎన్ఆర్ శిఖరాలన్నీ హిస్టోగ్రామ్ గీయండి. ఒక డిటెక్టర్‌ను 0.1 సెకను చొప్పున జరుపుతూ దొంగ జతలు లెక్కపెట్టండి. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. చివరిగా, సరిపోయిన టెంప్లేట్‌ను డేటాలోంచి తీసేసి మిగిలినదాన్ని చూడండి. అది చుట్టుపక్కల నాయిస్‌లాగే ఉండాలి. అక్కడింకా వంపులేవైనా మిగిలితే టెంప్లేట్ తప్పో, నాయిస్ అంచనా తప్పో.

న్యూరల్ నెట్‌వర్క్ పెట్టొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. గ్లిచ్‌లను రకాలుగా విడగొట్టడానికి చాలా బాగా పనికొస్తాయి, గ్రావిటీ స్పై ప్రాజెక్ట్‌లో మామూలు జనం, మెషిన్ కలిసి చేస్తున్నది అదే. సిగ్నల్ వెతకడానికీ వాడుతున్నారు. కానీ నెట్‌వర్క్ 0.99 అని చెప్పినంత మాత్రాన అది 99 శాతం సంభావ్యత కాదు. దాని జవాబును కూడా జరిపిన డేటా మీద నడిపి, ఆ స్కోరు నాయిస్‌లో ఎన్నాళ్లకోసారి వస్తుందో కొలవాల్సిందే. ఆ మెట్టు లేని పేపర్లను నేను పెద్దగా పట్టించుకోను.

ఇంకొక్కటి. కేటలాగ్‌లో ఉన్నవన్నీ మొదటి సిగ్నల్ అంత ఖాయం అనుకోవద్దు. ఖగోళ మూలం ఉండే అవకాశం సగానికి మించితే చాలు, జాబితాలోకి చేరుస్తారు. అంటే అందులో కొన్ని నాయిస్ అయ్యుంటాయని కేటలాగ్ తయారు చేసినవాళ్లే చెబుతారు. ఏవి అన్నది ఎవరూ చెప్పలేరు. మరోవైపు 2025 జనవరి 14 నాటిది ఎస్ఎన్ఆర్ 80 దాకా ఉంది, దాన్ని పట్టడానికి ఈ తంటాలు ఏమీ అక్కర్లేదు. మీరు మొదట దానితోనో, 2015 నాటిదానితోనో చేయి తిప్పుకుని, ఆ తర్వాత జీడబ్ల్యూ151226కి వెళ్లండి. అక్కడ కన్ను పనికిరాదు కాబట్టి పద్ధతి ఒంటబడుతుంది. హిస్టోగ్రామ్ వచ్చాక, స్పెక్ట్రమ్ ఎలా తీశారో ఆ కోడ్ ముక్కతో సహా ఇక్కడే పెట్టండి, చూస్తాను.